చెంచాలో కొలిచిన వేరుశనగ

పీనట్ బటర్, తిండిని క్యాలరీల్లో లెక్కించే అలవాటు రెండూ 19వ శతాబ్దపు చివరి దశాబ్దంలో అమెరికాలోనే రూపు దిద్దుకున్నాయి. నమలలేని రోగులకు మాంసానికి బదులు బలమైన ఆహారం పెట్టడానికి మొదటిది పుట్టింది. కూలివాడి డబ్బుకు ఏ సరుకులో ఎక్కువ శక్తి దొరుకుతుందో చూపడానికి రెండోది పుట్టింది. బరువు తగ్గించడం ఈ రెండింటిలో దేని ఉద్దేశమూ కాదు. అయినా ఇప్పుడు బరువు తగ్గాలనుకునే ప్రతి వంటింట్లో ఇవి రెండూ ఒక చెంచాలోనే కలుస్తున్నాయి. సీసా మీద అచ్చయ్యే లెక్క ప్రకారం రెండు టేబుల్ స్పూన్లు, 32 గ్రాములు, సుమారు 190 క్యాలరీలు. ఇంత చిక్కని తిండికి డైట్‌లో చోటుందా అన్న ప్రశ్నకు వేర్వేరు తరాలు వేర్వేరు జవాబులిచ్చాయి. గింజ గుణం మారలేదు. కొలిచేవాళ్ళ అవసరం మారుతూ వచ్చింది.

వేరుశనగ పుట్టిల్లు దక్షిణ అమెరికా. నేటి బొలీవియా దక్షిణ కొస, అర్జెంటీనా ఉత్తర కొస కలిసే ప్రాంతంలో రెండు అడవి జాతులు సంకరమై ఈ పంట ఏర్పడింది. పెరూలోని నాన్‌చోక్ లోయ తవ్వకాల్లో ఏడు వేల ఏళ్ళకు పైబడిన వేరుశనగ అవశేషాలు దొరికాయి. అదే దేశంలో 1987లో బయటపడిన సిపాన్ ప్రభువు సమాధిలో బంగారంతో, వెండితో చేసిన వేరుశనగకాయల హారం ఉంది. రాజు వెంట పరలోకానికి పంపదగినంత విలువ ఆ గింజకు ఉండేదన్నమాట. మెక్సికోలో ఆజ్టెక్కులు దీన్ని ‘నేల కకావో’ అనే అర్థమిచ్చే మాటతో పిలిచారు. ఐరోపా నౌకలు దీన్ని ఆఫ్రికాకు, ఆసియాకు మోసుకొచ్చాయి. తెలుగువాళ్ళు వేరు దగ్గర కాసే శనగగా చూసి వేరుశనగ అన్నారు. తమిళంలోని మణిలాక్కొట్టై అన్న పేరు ఫిలిప్పీన్స్ దారిని గుర్తు చేస్తుంది. ఉత్తర అమెరికాకు మాత్రం ఈ పంట ఆఫ్రికా మీదుగా, బానిసల నౌకలతో పాటు చేరింది. అక్కడి దక్షిణాది రాష్ట్రాల్లో వాడే ‘గూబర్’ అనే పేరు కాంగో ప్రాంతపు ‘న్గుబా’ నుంచి వచ్చిందే. 1861–65 అంతర్యుద్ధంలో ఆకలిగొన్న సైనికులు తిన్నాక గాని ఆ దేశమంతటికీ దీని రుచి తెలియలేదు.

ఈ గింజలో ఉన్నదేమిటో హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ పాత పట్టికలు చెబుతాయి. 100 గ్రాముల వేరుశనగ గుళ్ళలో 25.3 గ్రాముల ప్రోటీన్, 40.1 గ్రాముల కొవ్వు, 567 క్యాలరీలు ఉంటాయి. అంతే బరువు వండిన అన్నంలో ఉండేది ఇందులో నాలుగో వంతుకు లోపే. తేడాకు కారణం కొవ్వు, నీళ్ళు. వేరుశనగలో కొవ్వు ఎక్కువ, తేమ దాదాపు లేదు. ఒక గ్రాము కొవ్వుకు 9 క్యాలరీలు, ప్రోటీన్‌కూ పిండిపదార్థానికీ 4 చొప్పున అన్న లెక్క ఇప్పుడు బడిపిల్లలకు కూడా తెలుసు. ఆ లెక్కను నిలబెట్టిన మనిషి పేరు మాత్రం కొద్దిమందికే తెలుసు.

ఆయన విల్బర్ ఓలిన్ అట్‌వాటర్. 1844లో పుట్టి, కనెక్టికట్ రాష్ట్రంలోని వెస్లియన్ విశ్వవిద్యాలయంలో రసాయనశాస్త్రం బోధించాడు. జర్మనీలో నేర్చుకున్న పద్ధతులను తన దేశానికి తెచ్చాడు. 1890లలో భౌతికశాస్త్రవేత్త ఎడ్వర్డ్ రోజాతో కలిసి ఒక మనిషి రోజుల తరబడి ఉండగలిగే గదిని కట్టాడు. అందులో మంచం, బల్ల ఉండేవి, తొక్కడానికి కదలని సైకిలు ఉండేది. లోపలివాడు తిన్న ప్రతి ముద్దనూ, వదిలిన ప్రతి శ్వాసనూ, ఒంటి నుంచి వెలువడిన వేడినీ బయటివాళ్ళు కొలిచేవారు. తిన్న తిండిని కాలిస్తే వచ్చే వేడికీ, శరీరం ఖర్చు పెట్టిన శక్తికీ లెక్క సరిపోయింది. మనిషి ఒళ్ళు కూడా ప్రకృతి నియమాలకు లోబడే పని చేస్తుందని ఆ చిన్న గది చూపించింది. 1896లో ఆయన పర్యవేక్షణలో అమెరికా వ్యవసాయ శాఖ అక్కడి ఆహార పదార్థాల రసాయన కూర్పును వివరించే పెద్ద పట్టికను అచ్చు వేసింది. తర్వాత వచ్చిన ఆహార పట్టికలకు అదే పునాది.

అట్‌వాటర్ చింత స్థూలకాయం కాదు, పేదరికం. కార్మికుల ఆదాయంలో పెద్ద వాటా తిండికే పోయే కాలమది. 25 సెంట్లు పెడితే ఏ సరుకులో ఎంత పోషణ వస్తుందో ఆయన పట్టీలు గీసి చూపించాడు. ఆ పట్టీల్లో గోధుమ పిండి, చిక్కుడు గింజలు, చవక మాంసం గెలిచేవి. ఆకుకూరలు, పండ్లు డబ్బు దండగగా కనిపించేవి. విటమిన్ల సంగతి అప్పటికి ఎవరికీ తెలియదు కాబట్టి ఆ తీర్పును తప్పు పట్టనక్కర్లేదు. అయితే ఒక విషయం గమనించాలి. క్యాలరీ పుట్టినప్పుడు అది ఎంత ఎక్కువ ఉంటే అంత మంచిది. చవగ్గా దొరికి, చిక్కగా ఉండి, కడుపు నింపే వేరుశనగ లాంటి గింజ ఆ కొలబద్ద మీద మేలురకం సరుకు. తరవాతి తరం కొలబద్దను ఉంచుకుని దాని దిశను తిప్పేసింది. అంకెలు మారకుండానే తీర్పు తలకిందులైంది.

వేరుశనగను ముద్దగా నూరడం కొత్త విద్య కాదు. దక్షిణ అమెరికాలోనూ ఆఫ్రికాలోనూ అది పాత అలవాటే. పేటెంట్ల చరిత్రలో మొదట కనిపించే పేరు మాంట్రియల్‌కు చెందిన మార్సెల్లస్ గిల్మోర్ ఎడ్సన్‌ది. వేయించిన వేరుశనగను వేడి మీద మరపట్టి, చల్లారితే వెన్నలా గట్టిపడే ముద్ద చేసే పద్ధతికి 1884లో ఆయన పేటెంటు పొందాడు. దాన్ని ఆయన మిఠాయి తయారీకి ఉద్దేశించాడు. ఆరోగ్యాహారంగా దానికి పేరు తెచ్చినవాడు జాన్ హార్వీ కెలాగ్. మిచిగన్ రాష్ట్రంలోని బాటిల్ క్రీక్‌లో సెవెన్త్ డే అడ్వెంటిస్ట్ క్రైస్తవులు నెలకొల్పిన ఆరోగ్యాశ్రమానికి ఆయన ప్రధాన వైద్యుడు. అక్కడ మాంసం నిషిద్ధం. మద్యం, పొగాకు, కాఫీ కూడా అంతే. మాంసం మానిపించిన రోగులకు, ముఖ్యంగా పళ్ళు ఊడిన ముసలివాళ్ళకు, ప్రోటీన్ ఎలా అందించాలన్నది ఆయన ముందున్న ప్రశ్న. 1895లో గింజల నుంచి ముద్ద తీసే పద్ధతికి పేటెంటు అడిగాడు. వేయించిన గింజలు కడుపుకు పడవని నమ్మి ఆయన వాటిని ఉడికించి నూరించాడు. ఆ ముద్ద ఈనాటి కమ్మని పీనట్ బటర్‌లా ఉండేది కాదు. జనం వేయించిన గింజల వైపే మొగ్గారు.

ఆ ఆశ్రమంలో పనిచేసిన జోసెఫ్ లాంబర్ట్ 1896 నుంచి ఇళ్ళలో వాడుకునే చేతి మరలు అమ్మసాగాడు. ఆయన భార్య ఆల్మీడా 1899లో గింజల వంటకాల మీద ఒక పుస్తకమే రాసింది. సెయింట్ లూయిస్‌లో ఆంబ్రోస్ స్ట్రాబ్ 1903లో మరో మరకు పేటెంటు పొందాడు. మరుసటి ఏడు అదే ఊళ్ళో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో పీనట్ బటర్‌ను వేలాది మంది రుచి చూశారు. జార్జ్ వాషింగ్టన్ కార్వర్ దీన్ని కనిపెట్టాడన్న కథ ఇప్పటికీ పాఠ్యపుస్తకాల్లో దొర్లుతుంటుంది. టస్కీగీలో పనిచేసిన ఆ మహానుభావుడు వేరుశనగ సాగు గురించి, దాన్ని వండే 105 విధాల గురించి తన కరపత్రం వెలువరించింది 1916లో. అప్పటికి పీనట్ బటర్ పచారీ కొట్లలో పాత సరుకే. నల్లజాతి రైతులకు నేలను కాపాడే పంటను, ఇంటికి పోషణను చూపించడం కార్వర్ చేసిన అసలు పని. దానికి ఈ కల్పిత కిరీటం అవసరం లేదు.

క్యాలరీ లెక్క, పీనట్ బటర్ బాటిల్ క్రీక్ భోజనశాలలో ఒకచోటికి చేరాయి. యేల్ విశ్వవిద్యాలయ అర్థశాస్త్రవేత్త ఇర్వింగ్ ఫిషర్ క్షయ నుంచి కోలుకున్నాక ఆరోగ్య ప్రచారానికి అంకితమయ్యాడు, కెలాగ్‌కు స్నేహితుడయ్యాడు. తిండిని ఔన్సుల్లో కాక 100 క్యాలరీల వంతులుగా చెబితే మామూలు మనిషికి సులువుగా అర్థమవుతుందని 1906లో ప్రతిపాదించాడు. ఆశ్రమంలో అతిథుల ముందుంచే భోజన పట్టికల మీద ప్రతి వంటకం పక్కన ప్రోటీన్, కొవ్వు, పిండిపదార్థాల క్యాలరీలు అచ్చు వేసేవారు. తిన్నవాళ్ళు తమ పూట లెక్క తామే కూడుకునేవారు. ఇప్పుడు ఫోనులో యాప్ చేసే పనిని అప్పట్లో పెన్సిలుతో చేశారు. 100 క్యాలరీల పీనట్ బటర్ అంటే 17 గ్రాములు, తల కొట్టిన ఒక టేబుల్ స్పూను కన్నా రవ్వంత ఎక్కువ. ఇదే 100 క్యాలరీల కీరదోస కావాలంటే అరకిలోకు పైగా తినాలి. వంతు అనే ఆలోచన వచ్చాక గాని ఈ తేడా కంటికి కనిపించలేదు.

ఆ వంతును బరువు తగ్గడానికి ఆయుధంగా మలిచింది లాస్ ఏంజెలెస్ వైద్యురాలు లూలూ హంట్ పీటర్స్. ఒకప్పుడు 220 పౌండ్లు తూగి, దాదాపు 70 పౌండ్లు తగ్గిన మనిషి ఆమె. 1918లో ఆమె రాసిన ‘డైట్ అండ్ హెల్త్ విత్ కీ టు ది క్యాలరీస్’ ఇరవై లక్షలకు పైగా ప్రతులు అమ్ముడైంది. అమెరికాలో డైట్ పుస్తకాల వెల్లువ అక్కణ్ణుంచే మొదలైంది. రొట్టె ముక్క అనకుండా 100 క్యాలరీల రొట్టె అనడం అలవాటు చేసుకోవాలని ఆమె నేర్పింది. ఆ పుస్తకం పుట్టింది మొదటి ప్రపంచయుద్ధ కాలంలో. ఆహార పరిపాలన చూస్తున్న హెర్బర్ట్ హూవర్ గోధుమను, మాంసాన్ని పొదుపు చేయమని పిలుపునిస్తున్న రోజులవి. తిండి తగ్గించడాన్ని ఆమె దేశభక్తితో ముడిపెట్టింది. అదే పొదుపు కోసం ప్రభుత్వం వేరుశనగను మాంసానికి బదులుగా తినమంది. ఇలా ఒకే యుద్ధం పీనట్ బటర్‌ను బల్ల మీదికి తెచ్చింది, దాన్ని కొలిచే కన్నును కూడా తెచ్చింది. పీటర్స్ ఏ తిండినీ పూర్తిగా నిషేధించలేదు. లెక్కలో ఇమిడితే మిఠాయి కూడా తినవచ్చంది. చిక్కని తిండిని వదలకుండా కొలిచి ఇముడ్చుకోవడమన్న పద్ధతికి మూలం ఇక్కడే ఉంది. నూరేళ్ళలో వచ్చిన ఎన్నో డైట్లతో పోలిస్తే ఇది ఎక్కువ వివేకమైన మాట.

పీటర్స్ కాలంలో పీనట్ బటర్ కొట్టులో పీపాల్లో ఉండేది. నూనె పైకి తేలేది, గట్టి ముద్ద అడుగున ఉండేది, కొట్టువాడు తెడ్డుతో కలిపి ఇచ్చేవాడు. నాలుగు రోజులుంటే ముక్కిన వాసన వచ్చేది. అందుకే జనం కొద్దికొద్దిగా కొనేవారు. కాలిఫోర్నియాకు చెందిన జోసెఫ్ రోజ్‌ఫీల్డ్ 1920ల ఆరంభంలో ఈ చిక్కును విప్పాడు. నూనెను హైడ్రోజన్‌తో కొంత గట్టిపరిస్తే అది విడిపోదు, త్వరగా పాడవదు. ఆ పద్ధతిని మొదట ఒక మాంసం కంపెనీ వాడుకుంది. అలా వచ్చిన సరుకుకు 1928లో పీటర్ పాన్ అన్న పేరు పెట్టారు. 1930లలో రోజ్‌ఫీల్డ్ తన సొంత బ్రాండు స్కిప్పీని తెచ్చాడు. ముక్కలుగా కోసిన రొట్టె 1928లో బజారుకొచ్చింది. మెత్తగా జారే ముద్ద, కోసి సిద్ధంగా ఉన్న రొట్టె కలవడంతో పొయ్యి దగ్గరికి వెళ్ళకుండానే పిల్లలు చేసుకునే తిండి తయారైంది. ఆర్థిక మాంద్యం నాటి పేద ఇళ్ళను ఆ రొట్టె ఆదుకుంది. తెడ్డుతో కలిపితే గాని తినలేని ముద్దకూ, సీసా మూత తీయగానే చెంచాకు వచ్చే ముద్దకూ మధ్య క్యాలరీల తేడా స్వల్పమే. తినే మోతాదులో మాత్రం పెద్ద తేడా వచ్చింది.

కంపెనీలు పెరిగేకొద్దీ సీసాలో వేరుశనగ వాటా తగ్గి, చక్కెర, ఇతర నూనెలు పెరిగాయి. 1959లో అమెరికా ఆహార, ఔషధ పరిపాలన సంస్థ 95 శాతం వేరుశనగ ఉండాలని ప్రతిపాదించింది. పరిశ్రమ 87 శాతం చాలంది. ఒక చిన్న నిర్వచనం కోసం పదేళ్ళకు పైగా విచారణలు సాగాయి. వినియోగదారుల పక్షాన రూత్ డెస్మండ్ అనే గృహిణి ఏళ్ళ తరబడి ఆ విచారణలకు హాజరైంది. చివరికి కనీసం 90 శాతం వేరుశనగ ఉండాలి, కొవ్వు 55 శాతం మించకూడదు అన్న నియమం 1970లో కోర్టు పరీక్షకు నిలిచింది. డైట్ చేసేవాళ్ళకు ఈ నియమం ఎంత మేలు చేసిందో తరువాతి కథలో కనిపిస్తుంది.

రెండో ప్రపంచయుద్ధం తర్వాత డైట్ లెక్కలు ఆస్పత్రుల్లోకి ప్రవేశించాయి. 1950లో అమెరికా మధుమేహ, ఆహార నిపుణుల సంఘాలు ఆహార మార్పిడి జాబితాలను రూపొందించాయి. ఒక గుంపులోని పదార్థాన్ని అదే గుంపులోని మరోదానికి బదులుగా తినవచ్చన్నది వాటి సూత్రం. పీనట్ బటర్‌కు మాంసం గుంపులో చోటు దక్కింది. తర్వాతి దశాబ్దాల్లో కొవ్వు మీద పట్టింపు పెరిగాక దాన్ని అధిక కొవ్వు మాంసాల పక్కకు నెట్టారు. గుండెజబ్బుల పరిశోధకుడు ఆన్సెల్ కీస్ ప్రధానంగా హెచ్చరించింది సంతృప్త కొవ్వుల గురించి. వేరుశనగ నూనెలో ఎక్కువ భాగం అసంతృప్త కొవ్వే. అయితే 1977లో అమెరికా సెనేట్ కమిటీ ఆహార లక్ష్యాలు ప్రకటించాక, 1980లలో ఆ సూక్ష్మభేదం జనం నోట కొట్టుకుపోయింది. కొవ్వంతా చెడ్డదన్న ఒక్క వాక్యం మిగిలింది. గ్రాముకు 9 అన్న అట్‌వాటర్ అంకె ఆ వాక్యానికి ఆధారంగా నిలిచింది. బరువు తగ్గాలనుకునే వాళ్ళు ముందుగా తీసి పక్కన పెట్టిన సీసాల్లో పీనట్ బటర్ ఒకటి.

పరిశ్రమ అందుకు జవాబుగా కొవ్వు తగ్గించిన రకాన్ని తెచ్చింది. కొవ్వు నాలుగో వంతు తగ్గింది. ఆ ఖాళీలో మొక్కజొన్న పాకం పొడులు, చక్కెర, ఇతర పప్పుల ప్రోటీన్ చేరాయి. వేరుశనగ 90 శాతం కన్నా తగ్గింది కాబట్టి చట్టం దాన్ని పీనట్ బటర్ అని పిలవనివ్వలేదు, ‘స్ప్రెడ్’ అన్న మాట చేర్చక తప్పలేదు. రెండు సీసాల మీది లెక్క పక్కపక్కన పెడితే కొన్ని బ్రాండ్లలో రెండింటికీ 190 క్యాలరీలే. కొవ్వు తగ్గిందన్న భరోసాతో ఇంకో చెంచా తిన్నవాడు నష్టపోయాడు. డైట్ చరిత్రలో ఇంతకన్నా స్పష్టమైన పాఠం అరుదు. తీసేసిన దాని గురించి లేబుల్ పెద్ద అక్షరాలతో చెప్పింది, కలిపిన దాని గురించి చిన్న అక్షరాలతో చెప్పింది.

పునర్విచారణ మొదలైంది కెలాగ్ మతస్థుల నుంచే కావడం చెప్పుకోదగ్గ విషయం. కాలిఫోర్నియాలోని లోమా లిండా విశ్వవిద్యాలయ పరిశోధకులు 31,208 మంది అడ్వెంటిస్టుల ఆహారపు అలవాట్లను, ఆరోగ్యాన్ని ఏళ్ళ తరబడి గమనించి 1992లో ఫలితాలు ప్రకటించారు. వారానికి నాలుగు సార్ల కన్నా ఎక్కువగా గింజపప్పులు తిన్నవాళ్ళకు గుండెపోటు మరణాల ముప్పు సుమారు సగమే ఉంది. ఆ గింజపప్పుల్లో వేరుశనగ వాటా దాదాపు మూడో వంతు. ఎక్కువ గింజలు తినేవాళ్ళు లావుగా ఉంటారనుకుంటే, వాళ్ళే సన్నగా ఉన్నారు. ఇది కారణాన్ని నిరూపించదు, ఆరోగ్య స్పృహ ఉన్నవాళ్ళే గింజలు తిని ఉండవచ్చు. కానీ ‘చిక్కని తిండి లావెక్కిస్తుంది’ అన్న సూత్రం అంత సూటిగా పనిచేయడం లేదని అది సూచించింది.

ఎందుకు పనిచేయడం లేదన్నదానికి ఒక పాత ప్రయోగంలో సమాధానం ఉంది. 1980లో లెవిన్, సిల్విస్ అనే ఇద్దరు వైద్యులు ఒకే మనుషులకు వేర్వేరు సమయాల్లో వేరుశనగ గుళ్ళు, పీనట్ బటర్, వేరుశనగ నూనె పెట్టి, ఒంటికి పట్టకుండా మలంలో బయటకు పోయిన కొవ్వును కొలిచారు. గుళ్ళు తిన్నప్పుడు 17.8 శాతం, పీనట్ బటర్ తిన్నప్పుడు 7 శాతం, నూనె తాగినప్పుడు 4.5 శాతం కొవ్వు బయటకు పోయింది. గింజలోని కణాల గోడలు నూనెను పట్టి ఉంచుతాయి. పంటి కింద అన్ని కణాలూ పగలవు. పగలని కణంలోని నూనె పేగుల్ని దాటి వెళ్ళిపోతుంది. మర ఆ గోడలన్నిటినీ ముందే పగలగొడుతుంది. నమలలేని రోగికి పోషణ పూర్తిగా అందాలని కెలాగ్ గింజను నూరించాడు. ఆ పని చక్కగా నెరవేరిందని ఈ కొలతలు చెబుతున్నాయి. బరువు తగ్గాలనుకునేవాడి అవసరం రోగి అవసరానికి సరిగ్గా వ్యతిరేకం. అందుకే ఒకే బరువు గుళ్ళూ ముద్దా అతనికి ఒకటి కావు. పట్టికల్లో మాత్రం రెండింటికీ దాదాపు ఒకే అంకె ఉంటుంది. 2012లో అమెరికా వ్యవసాయ శాఖ పరిశోధకులు బాదం మీద ఇలాంటి కొలతే తీసి, ఒక వంతుకు అట్‌వాటర్ లెక్క ప్రకారం 170 క్యాలరీలు రావలసిన చోట 129 మాత్రమే ఒంటికి పడుతున్నాయని చూపించారు. నూరేళ్ళ నాటి కొలబద్ద తప్పని కాదు. అది సగటు భోజనానికి గీసిన గీత, గట్టి గింజకు కాదు.

2002లో పర్‌డ్యూ విశ్వవిద్యాలయంలో అల్పర్, మాటెస్ అన్న పరిశోధకులు 15 మందికి రోజుకు సుమారు 500 క్యాలరీల వేరుశనగ ఇచ్చి, మిగతాది ఇష్టం వచ్చినట్టు తినమన్నారు. ఎనిమిది వారాల్లో 3.6 కిలోలు పెరగాలని లెక్క. పెరిగింది ఒక కిలో. వేరుశనగ ఆకలిని అణచడంతో వాళ్ళు తెలియకుండానే మిగతా తిండి తగ్గించారు. కానీ ఆ ఒక్క కిలో కూడా పెరుగుదలే. ఉన్న భోజనానికి అదనంగా వేరుశనగ చేరిస్తే బరువు తగ్గదన్నది ఇందులోనే ఉంది. బోస్టన్‌లో 2001లో వెలువడిన మరో అధ్యయనం ఆచరణకు దగ్గరది. బరువు ఎక్కువున్న 101 మందిని రెండు గుంపులు చేసి, రెండింటికీ క్యాలరీలు తగ్గించారు. ఒక గుంపుకు శక్తిలో 35 శాతం కొవ్వు నుంచి రావచ్చు, అందులో గింజలు, పీనట్ బటర్, ఆలివ్ నూనె ఉండవచ్చు. రెండో గుంపుకు కొవ్వు 20 శాతం. 18 నెలల చివరికి మొదటి గుంపులో 54 శాతం మంది నిలిచారు, సగటున 4.1 కిలోలు తగ్గారు. రెండో గుంపులో నిలిచింది 20 శాతమే, సగటున 2.9 కిలోలు పెరిగారు. పీనట్ బటర్‌లో కొవ్వు కరిగించే మహిమ ఏమీ లేదు. రుచి ఉన్న డైట్‌ను మనుషులు ఎక్కువ కాలం పాటిస్తారు, అంతే.

చిక్కదనం శాపం కాని సందర్భాలూ ఇదే చరిత్రలో ఉన్నాయి. జాతీయ పోషకాహార సంస్థ బక్కచిక్కిన పిల్లల కోసం రూపొందించిన ‘హైదరాబాద్ మిక్స్’లో 40 గ్రాముల గోధుమ, 16 గ్రాముల శనగపప్పు, 10 గ్రాముల వేరుశనగ, 20 గ్రాముల బెల్లం ఉంటాయి. అంత చిన్న పొట్లంలో 330 క్యాలరీలు. 1996లో ఫ్రాన్సులో ఆంద్రే బ్రియాండ్, మిషెల్ లెస్కాన్ రూపొందించిన ప్లంపీనట్ పొట్లంలో వేరుశనగ ముద్ద, పాలపొడి, చక్కెర, నూనె, విటమిన్లు కలిసి 92 గ్రాములకు 500 క్యాలరీలు అందిస్తాయి. నీళ్ళు కలపనక్కర్లేదు, వండనక్కర్లేదు. చిన్న కడుపుకు ఎక్కువ శక్తి పట్టించాల్సిన చోట నూరిన వేరుశనగకు సాటి దొరకడం కష్టం. కరువు పీడిత దేశాల్లో తల్లులు తమ ఇంట్లోనే పిల్లల్ని బతికించుకునే వీలు దీనివల్ల కలిగింది.

తెలుగు నేల మీద వేరుశనగ ఏనాడూ సీసా సరుకు కాదు. అనంతపురం ఎర్రనేలల్లో ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో పండే ఈ పంటను రైతు గానుగకూ నూనె మిల్లుకూ అమ్ముతాడు. ఇంటికి దాచుకున్నది శనక్కాయలుగా, బుడ్డలుగా, పల్లీలుగా రకరకాల పేర్లతో వంటింట్లో చేరుతుంది. కాయలతో ఉడకబెట్టడం, ఇసుకలో వేయించడం, బెల్లం పాకంలో పట్టీ పోయడం, రాగి సంగటికి ఊరుబిండి నూరడం, ఇడ్లీ దోశలకు చట్నీ రుబ్బడం, గుత్తి వంకాయలో కూరడం అన్నీ పాత పద్ధతులే. ఈ రకాలను కొవ్వు ఒంటికి పట్టే తీరుతో చూస్తే వాటి మధ్య తేడా తెలుస్తుంది. ఉడకబెట్టిన కాయ నీళ్ళు పీల్చుకుంటుంది కాబట్టి అదే బరువుకు క్యాలరీలు తక్కువ. పైగా ఒక్కో కాయ ఒలుచుకుని తినాలి. పట్టీలో బెల్లం చేరి గుప్పెడు తినడం సులువవుతుంది. చట్నీ నూరిన ముద్దే అయినా నీళ్ళు, పచ్చిమిర్చి, చింతపండు కలిసి పలచనవుతుంది. అయినా నాలుగు దోశలకు నాలుగు గరిటెల చట్నీ వేసుకున్నవాళ్ళు చట్నీని లెక్కలో వేయడం మరిచిపోతారు. తెలుగు ఇళ్ళలో బరువు తగ్గే ప్రయత్నం ఎక్కువగా అన్నం దగ్గరే ఆగిపోతుంది. పల్లీ చట్నీ దాకా రాదు.

పీనట్ బటర్ హైదరాబాదు, విజయవాడ కొట్లలో కనిపించేది గత కొన్నేళ్ళుగానే. వ్యాయామశాలల వల్ల, విదేశాల్లో ఉండి వచ్చిన పిల్లల వల్ల అది ఇంట్లోకి వచ్చింది. ప్రోటీన్ కోసం అన్న పేరుతో వస్తుంది. నిజానికి దాని క్యాలరీల్లో ప్రోటీన్ వాటా ఆరో వంతు దగ్గర, కొవ్వు వాటా దాదాపు ముప్పావు. కొవ్వును పిండేసిన వేరుశనగ పొడి ఇటీవల బజారులోకి వచ్చింది. నీళ్ళతో కలిపి వాడే రెండు టేబుల్ స్పూన్లకు సుమారు 60 క్యాలరీలే, ప్రోటీన్ మాత్రం చెప్పుకోదగ్గంత ఉంటుంది. నూనె పిండగా మిగిలే చెక్కను తినదగిన పిండిగా మార్చడం మైసూరు ఆహార సాంకేతిక పరిశోధనాలయం దశాబ్దాల కిందటే చేసిన పని. అక్కడ తయారైన బహుళార్థక ఆహారంలో కొవ్వు తీసిన వేరుశనగ పిండి 75 పాళ్ళు, శనగపిండి 25 పాళ్ళు. ఆకలి తీర్చడానికి వాడిన ఆ పద్ధతే ఇప్పుడు బరువు తగ్గేవాళ్ళ పొడి డబ్బాలో కనిపిస్తోంది.

నేటి ఆహార నిపుణులు చెప్పే పద్ధతి పీటర్స్ పద్ధతికి దగ్గరే. సీసాను త్రాసు మీద పెట్టి సున్నా చేసి, చెంచాతో తీశాక ఎంత తగ్గిందో చూడటం మేలు. కుప్పగా తీసిన టేబుల్ స్పూను 16 గ్రాముల లెక్కను సులభంగా దాటిపోతుంది. రొట్టెకు వెన్న రాసే చోట, మధ్యాహ్నం బిస్కెట్లు తినే చోట దీన్ని పెట్టాలి, వాటికి తోడుగా కాదు. ఆపిల్ ముక్కలు, కీరదోస, ఓట్స్ లాంటి నీళ్ళూ పీచూ ఉన్న వాటితో తింటే ఒక చెంచా చాలా దూరం వస్తుంది. పీచున్న గింజలే కావాలంటే గుప్పెడు వేయించిన పల్లీలను నిదానంగా నమలడం ముద్ద కన్నా లాభం.

ఇక సీసా మీది లెక్క విషయానికొస్తే, 1990 చట్టం ప్రకారం 1994 నుంచి అమెరికా సీసాల మీద పోషణ పట్టీ తప్పనిసరి అయింది. మొత్తం క్యాలరీల పక్కనే కొవ్వు నుంచి వచ్చే క్యాలరీలు కూడా ముద్రించారు. 2016లో సవరించిన నియమాల్లో ఆ రెండో వరుసను తీసేశారు. కొవ్వు ఎంత ఉందన్నదాని కన్నా ఏ రకం కొవ్వన్నదే ముఖ్యమన్నది ఆహార, ఔషధ పరిపాలన సంస్థ చెప్పిన కారణం. మొత్తం క్యాలరీల అంకెను మునుపటి కన్నా పెద్ద అక్షరాల్లో వేశారు. విడిగా కలిపిన చక్కెరకు కొత్త వరుస వచ్చింది. పీనట్ బటర్ వంతు మాత్రం మారలేదు, రెండు టేబుల్ స్పూన్లే.